చాక్లెట్లున్నాయి... లారీ ఎక్కవు!

'మా అబ్బాయి అమీర్‌పేటలో శాప్ నేర్చుకుంటున్నాడండీ!' పెళ్ళిళ్లలో, పేరంటాల్లో ఈ మాట విననివాళ్లు తక్కువ. ఇంతకీ శాప్ అంటే ఏమిటని అడిగితే మాత్రం 'అదేదో సాఫ్ట్‌వేరులెండి' అని నాన్నగారు మాట మారుస్తారు. ఆ 'అదేదో' కుదిరితే వందల కోట్ల వ్యాపారం వేలికొసల మీద ఉంటుంది. కుదరకపోతే పండగపూట కొట్లో సరుకుండదు, నెల తిరిగినా నర్సమ్మకి జీతం రాదు!

అమెరికాలో ఏటా అక్టోబరు 31న హాలోవీన్. పొద్దుగూకగానే పిల్లలు దయ్యాల్లా, మాంత్రికుల్లా వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. మన టపాకాయల దుకాణానికి దీపావళి ఎలాగో, అక్కడి చాక్లెట్ కంపెనీలకు ఆ రోజు అలాగ. 1999లో సరిగ్గా ఆ సీజన్లోనే, పెన్సిల్వేనియాలోని హెర్షీ కంపెనీ చేతులెత్తేసింది. దాదాపు పది కోట్ల డాలర్ల ఆర్డర్లకు సరుకు పంపలేకపోయింది. ఫ్యాక్టరీలో సమ్మె లేదు, కోకో గింజలకు కరవు రాలేదు. చాక్లెట్లు గోడౌన్లలోనే ఉన్నాయి. అవి ఉన్నాయన్న సంగతి కంప్యూటరుకు తెలియదు, అంతే!

అసలేం జరిగిందంటే... 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తికమకపడతాయన్న భయం అప్పట్లో లోకమంతా ఉంది. దాంతో హెర్షీ పాత ప్రోగ్రాములన్నీ తీసేసి కొత్తవి పెట్టాలనుకుంది. ఖర్చు 11.2 కోట్ల డాలర్లు. లెక్కలకూ ఆర్డర్లకూ జర్మనీ కంపెనీ శాప్ వారి ఆర్3, మిగతా పనులకు మరో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లు. నాలుగేళ్లు పడుతుందన్న పనిని రెండున్నరేళ్లలో ముగించాలన్నారు. ఏప్రిల్లో మొదలవాల్సింది జులైకి జరిగింది. అంటే పండగ ఆర్డర్లు వచ్చిపడే వేళకి! అదీ ఒక్కో విభాగంలో మెల్లగా కాదు, అన్నీ ఒకేసారి.

తరవాత వచ్చిన విశ్లేషణల్లో ఓ ఆసక్తికరమైన సంగతి ఉంది. సీజన్లో సరుకు ఎక్కువైతే సిబ్బంది దాన్ని అక్కడో గది, ఇక్కడో అద్దె షెడ్డు చూసి సర్దేవారట. ఏది ఎక్కడుందో వాళ్లకు నోటికొచ్చు. కొత్త కంప్యూటరుకు ఆ గదుల గురించి చెప్పినవాళ్లు లేరు. ఆ మూడు నెలల్లో కంపెనీ లాభం 19 శాతం పడిపోయింది.

శెట్టిగారి బుర్ర

మన వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారిని చూడండి. పంచదార ఎన్ని బస్తాలుందో, ఎవరెంత బాకీయో, కందిపప్పు ధర రేపు పెరుగుతుందో లేదో అంతా ఆయన బుర్రలోనే. అదే వెయ్యిమంది పనిచేసే కంపెనీ అయితే? స్టోర్సు వాళ్ల పుస్తకం వేరు, అమ్మకాల వాళ్లది వేరు, జీతాల గుమస్తాది ఇంకోటి. ఒకదానితో ఒకటి పొసగదు. ఆ పుస్తకాలన్నిటినీ ఒకే పద్దుగా కలిపి, కంపెనీకి శెట్టిగారి బుర్రలాంటిది తయారుచేయడమే ఈఆర్‌పీ అనే ఈ సాఫ్ట్‌వేర్ల పని.

1972లో జర్మనీలో ఐబీఎం ఉద్యోగం వదిలిన అయిదుగురు ఇంజినీర్లు శాప్‌ని మొదలెట్టారు. మొదటి ఖాతాదారు ఐసీఐ వారి నైలాన్ ఫ్యాక్టరీ. సొంత కంప్యూటరు కొనే స్తోమత లేక, రాత్రిళ్లూ శని ఆదివారాలూ ఆ ఫ్యాక్టరీ కంప్యూటరు మీదే కూర్చుని ప్రోగ్రాములు రాసేవారు. (ఆ సంస్థవాళ్లు తమ పేరును ఎస్-ఏ-పీ అని అక్షరాలు విడదీసి పలకమంటారు. మనవాళ్లు వింటేగా!) 1992లో ఆర్3 వచ్చాక పేరు మారుమోగిపోయింది. దాన్ని మార్చుకోవడానికీ, అందులో లేనివి చేర్చుకోవడానికీ వాడే పనిముట్టే అబాప్ అనే ప్రోగ్రామింగ్ భాష. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర బోర్డుల మీద కనిపించే పేరు అదే. ఎంఎం అంటే కొనుగోళ్లు, స్టోర్లు. ఎస్‌డీ అంటే అమ్మకాలు. ఫైకో అంటే జమాఖర్చులు. కామర్స్ చదివినవాళ్లు ఫైకోకి, ఇంజినీర్లు అబాప్‌కి వెళ్లడం పరిపాటి.

చొక్కా చిక్కు

ఇది రెడీమేడ్ చొక్కా లాంటిది. కాస్త పొడుగైతే కత్తిరించుకోవచ్చు. కానీ మెడ దగ్గర విప్పి, చేతులు మార్చి, జేబు తిప్పి కుట్టమంటే? జర్మనీ సూపర్‌మార్కెట్ల సంస్థ లిడిల్ చేసింది అదే. వాళ్లు గోడౌన్లోని సరుకుకి కొన్న ధరతో విలువ కడతారు. శాప్ వారి సాఫ్ట్‌వేరేమో అమ్మే ధరతో కడుతుంది. 'మా పద్ధతి మారదు, సాఫ్ట్‌వేరే మారాలి' అంది లిడిల్. 2011లో మొదలైన మార్పులు ఏడేళ్లు సాగాయి. దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చాక, 2018లో మొత్తం పక్కన పడేసి పాత ప్రోగ్రాములకే వెళ్లిపోయింది.

కన్సల్టెంటు కష్టమంతా ఇక్కడే. ఏ తెరకి ఏ కోడ్ కొట్టాలో, ఎంఈ21ఎన్ అంటే కొనుగోలు ఆర్డరనీ, మిగో అంటే సరుకు రాకపోకలనీ మూడు నెలల్లో నేర్చుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా గోడౌన్ చూస్తున్న పెద్దాయన మనసులోని లెక్కను బయటికి లాగడం ఏ ఇన్‌స్టిట్యూట్లోనూ నేర్పరు. ఆయనకేమో ఈ కుర్రాడు తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే వచ్చాడని అనుమానం. పైవాళ్లకేమో తేదీ దాటకూడదని పట్టుదల. మధ్యలో నలిగేది ఈ కుర్రాడే.

నర్సులకు జీతాల్లేవు

చాక్లెట్ ఆలస్యమైతే పిల్లలు అలుగుతారు, అంతే. జీతమే ఆగిపోతే? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో సుమారు 78 వేలమంది సిబ్బంది. 2010 మార్చిలో వాళ్ల జీతాలకు శాప్‌తో, డ్యూటీల పట్టికలకు వర్క్‌బ్రెయిన్‌తో కలిపి కొత్త ఏర్పాటు చేశారు. కట్టిపెట్టింది ఐబీఎం. రాత్రి డ్యూటీ, ఆదివారం డ్యూటీ, ఓవర్‌టైమ్, అలవెన్సులు... అన్నీ కలిపితే జీతం లెక్కలు 24 వేల రకాలు! మొదటి జీతాల రోజునుంచే గొడవ. కొందరికి తక్కువ వచ్చింది, కొందరికి అసలు రాలేదు. ఇంకొందరికి ఎక్కువ వచ్చింది. ఎక్కువొచ్చినవాళ్లు సంబరపడే వీల్లేదు, తరవాత తిరిగి కట్టమన్నారు. ఇంటద్దెలు, బ్యాంకు వాయిదాలు కట్టలేక ఆసుపత్రి సిబ్బంది అవస్థలు పడ్డారు. లెక్కలు చేత్తో సరిచేయడానికి వందల మందిని కొత్తగా పెట్టుకోవాల్సొచ్చింది.

మొదట్లో 62 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు ఒప్పుకున్న పని అది. చివరికి మొత్తం ఖర్చు 120 కోట్లకు చేరుతుందని అంచనా కట్టారు. 2013లో విచారణ సంఘం ఇద్దరినీ తప్పుపట్టింది. తనకేం కావాలో ప్రభుత్వం స్పష్టంగా రాసివ్వలేదు. పని సిద్ధం కాకుండానే తెర తీశారు. ప్రభుత్వం దావా వేస్తే, 2010లోనే ఇద్దరూ రాజీ ఒప్పందం చేసుకున్నారు కాబట్టి అది చెల్లదని 2015లో కోర్టు తేల్చింది.

ఇదంతా ఎక్కడో సంగతి అనుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ బాగా తెలిసిన సీఎఫ్‌ఎంఎస్ కూడా శాప్ పునాది మీద కట్టిందే. 2018 ఏప్రిల్లో మొదలైంది.

అన్నట్టు, హెర్షీ కథ అక్కడితో అయిపోలేదు. 2002లో ఆ కంపెనీ అదే శాప్‌ని కొత్త వెర్షన్‌కి మార్చుకుంది. ఈసారి తొందరపడలేదు. ముందే పదేపదే పరీక్షించి చూసుకున్నారు. ఆ పని గొడవ లేకుండా అయిపోయింది కాబట్టే దాని గురించి ఎవరూ చెప్పుకోరు.

ఇక ఇప్పటి సంగతి. చాలా కంపెనీలు వాడుతున్న పాత శాప్‌కి మామూలు మద్దతు 2027 చివరితో ఆగుతుందని ఆ సంస్థ ప్రకటించింది. అదనంగా డబ్బు కడితే 2030 దాకా. ఆలోగా ఎస్4 హానాకి మారాలి. ఇలాంటి మార్పులు సాధారణంగా కొట్లూ ఆఫీసులూ మూసి ఉండే సెలవు రోజుల్లోనే చేస్తారు. కాబట్టి పండక్కి రాలేనని అబ్బాయో అమ్మాయో ఫోన్ చేస్తే కోప్పడకండి. ఆ రాత్రి ఏ గోడౌన్లో ఎన్ని పెట్టెలున్నాయో లెక్క సరిచూస్తూ ఉంటారు!