మీకు తెలుసా? మూడు ద్వారముల వాల్వు

మూడు గొట్టములు కలియు కూడలిలో రెండు మూడు వాల్వులు చేయదగిన పనిని ఒక్క బహుద్వార వాల్వు తానే నిర్వహింపగలదనియు, దాని శక్తి యంతయు లోపలి గోళమునకు తొలిచిన రంధ్రపు ఆకృతిలోనే యిమిడి యున్నదనియు మీకు తెలుసా?

ఆ రంధ్రము ‘ఎల్’ అక్షరమువలె వంగియున్నచో, ప్రవాహము ఒకమారు కుడికిని వేరొకమారు ఎడమకును మరలునే గాని, మూడు ద్వారములు ఏకకాలమున కలియనేరవు. ‘టీ’ వలె చీలియున్నచో మూడును కలిసి, వేడినీటిని చన్నీటిని మేళవించుటకు అనుకూలించును. ఇందొక విశేషము గలదు: నాలుగు దిక్కులలో ఎటు త్రిప్పి నిలిపినను ‘టీ’ రంధ్రము కనీసము రెండు ద్వారములనైనను కలిపియే యుంచును గావున, ప్రవాహమును పూర్తిగా కట్టివేయవలసిన చోట అది యొక్కటియే చాలదు, ‘ఎల్’ రంధ్రమునకు మాత్రము, పిడిని చాలినంత త్రిప్పనిచ్చు నిర్మాణమున్నచో, అన్నిటిని మూయు స్థానము దొరకును.

ఎన్నుకొనువారు పీడనము ఏ ద్వారమునుండి వచ్చునో, ద్రవము ఎట్టిదో, ఉష్ణోగ్రత ఎంతయో ముందుగా విచారింపవలెను. ఏలయన గోళమునకు ఆనికగా నుండు మామూలు టెఫ్లాన్ వలయములు సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిమికి తాళజాలవు. పరిమాణ నిర్ణయమునకు ‘కేవీ’ యను సంఖ్య తోడ్పడును: వాల్వుకు ఇరువైపుల పీడనభేదము 1 బార్ ఉన్నప్పుడు గంటకు ఎన్ని ఘనమీటర్ల నీరు ప్రవహించునో అదియే కేవీ.

ఈ ఉపాయము నేటిది కాదు: 1720లలోనే జర్మనీకి చెందిన యాకోబ్ లాయిపోల్డ్ తన ఆవిరియంత్ర రచనలో, రెండు సిలిండర్లకు ఆవిరిని వంతులవారీగా పంపుటకు నాలుగు ద్వారముల కుళాయిని చూపెను.