ముక్కిన గింజ ఎవరి కంచంలోకి?

బూజు పట్టిన బియ్యం కడిగి వండితే ఏం కాదులే అనే మాట మన వాడల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కడిగితే బూజు పోతుంది, నిజమే. దాని విషం పోదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు గింజలో వదిలే ఆఫ్లటాక్సిన్ మామూలు వంట వేడికి పూర్తిగా నశించదు. ఒక్కసారిగా ఎక్కువ పోతే కాలేయం దెబ్బతిని కామెర్లొస్తాయి. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి పోతే కాలేయ కాన్సర్‌కి దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి ఆ ముప్పు ఎన్నో రెట్లు.

గింజలో తేమ 14 శాతం దాటితే బూజుకి దారి దొరికినట్టే. అందుకే కోత తర్వాత నాలుగు ఎండలు ముఖ్యం. మరి ఆరబోయడానికి కల్లం ఎవరిది? కప్పడానికి బరకాలు ఎవరివి? పరిగె ఏరిన గింజలు, కల్లం అడుగున ఊడ్చినవి, కూలి కింద కొలిచిన తడి గింజలు పూరింటి మూల కుండలోకి చేరేవి. మా అమ్మావాళ్ళ తరం కూలి ఇలాగే తెచ్చుకుంది. రంగు మారిన వడ్లకి మిల్లు దగ్గర ధర తెగ్గోస్తారు, కూలికి కొలిచేటప్పుడు మాత్రం అది మంచి గింజే!

బియ్యం పాలిష్ పడితే విషంలో చాలా భాగం తవుడుతో పోతుంది. (ఆ తవుడు తిన్న గేదె పాలల్లోకి కొంత వస్తుందనుకోండి.) మొక్కజొన్నలో, వేరుశనగలో ముప్పు ఇంకా ఎక్కువ. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల ఆదివాసీ గ్రామాల్లో సుమారు 400 మందికి కామెర్లొచ్చాయి, పొట్టలో నీరు చేరింది. వందమందికి పైగా చనిపోయారు. అదే తిండి తిన్న కుక్కలకీ అదే జబ్బు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వాళ్ళు తిన్న మొక్కజొన్నని పరీక్షిస్తే కిలోకి 6 నుంచి 15 మిల్లీగ్రాముల దాకా ఆఫ్లటాక్సిన్ కనిపించింది. ఇవాళ తిండిగింజల్లో మన చట్టం ఒప్పుకునేది కిలోకి 15 మైక్రోగ్రాములు. అంటే 400 రెట్లకి పైమాటే.

కారణాలుగా అకాల వర్షం, కరువు, నిల్వ వసతి లేకపోవడం చెప్పారు. వాటితోపాటు ప్రజల అజ్ఞానాన్నీ చేర్చారు. పరిశోధన విలువైందే, నాకు పేచీ ఆ ఒక్క మాటతోనే. కరువులో ఇంట్లో ఉన్నది అదొక్క గింజే అయితే, తెలిసినవాళ్ళు మాత్రం ఏం తింటారు? బూజు గింజ పారెయ్యమని గోడమీద రాయడం తేలిక. పారేశాక పొయ్యిమీద ఏం పెట్టాలో ఎవరూ రాయరు.

రేషన్‌లో ముద్దకట్టిన, రంగు మారిన బియ్యం వస్తే మార్చిమ్మని నిలదీయాలి. మన పిల్లలుండే సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకి వెళ్ళినప్పుడు బియ్యం గది తలుపు తీయించండి. బస్తాలు నేలకీ గోడకీ తగలకుండా చెక్కలమీద ఉన్నాయో లేదో, పైకప్పు కారుతోందో లేదో చూడండి. బూజుపట్టిన బస్తాని చేటలో చెరిగి వండుతామంటే ఒప్పుకోవద్దు.