గాలి ఎటు వీస్తోంది?

మైక్రోబయాలజీ క్లాసులో ఓ విద్యార్థిని అడిగింది: “లామినార్ బెంచిలోనూ హెపా ఫిల్టరే, బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనూ హెపా ఫిల్టరే. టీబీ కళ్లె డబ్బా బెంచి మీద తెరిస్తే ఏమవుతుంది సార్?”

తెరిచిన మనిషికే టీబీ అంటుకోవచ్చు. బెంచిలో వడకట్టిన గాలి నమూనా మీదుగా వచ్చి నేరుగా ముఖానికి కొడుతుంది. అది నమూనాను కాపాడే యంత్రం. మనిషి దాని లెక్కలో లేడు. 1960ల మొదట్లో అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ ఈ తరహా గాలిని వాడినప్పుడు ఆయన బెంగంతా చిన్న చిన్న యంత్రభాగాల మీద పడే దుమ్ము గురించే. కైకలూరు, బందరు వైపు రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ చూసే ల్యాబుకు ఆ బెంచి చాలు, ఆ వైరస్ మనిషికి సోకదు కాబట్టి. కళ్లెకు మాత్రం పనికిరాదు.

క్యాబినెట్‌లో గాలి పైనుంచి తెరలా దిగుతుంది. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఏసీ బట్టల షాపు గుమ్మం దాటుతుంటే నెత్తికి తగిలే గాలి తెర లాంటిదే. కాకపోతే షాపు గాలి నేలకు కొట్టుకుని చెదిరిపోతుంది. దీన్ని బల్ల ముందంచున ఉన్న గ్రిల్లు లాగేసుకుంటుంది. అదే గ్రిల్లు గది గాలినీ సెకనుకు దాదాపు అర మీటరు వేగంతో లోపలికి లాగుతుంది. గది గాలి బల్ల మీదికి రాకముందే అందులో దిగిపోతుంది కాబట్టి నమూనా చెడదు. బల్ల మీది తుంపరలూ గడప దాటకముందే అందులోనే పడతాయి కాబట్టి మనిషి క్షేమం. ఎదురెదురుగా వచ్చే రెండు గాలులకూ ఒకటే దారి! ప్రయోగశాలలో ఇంతకంటే అందమైన ఏర్పాటు నాకు మరొకటి కనబడదు. మనం ఎక్కువగా వాడే రకంలో ఆ గాలి 70 శాతం దాకా ఫిల్టరు గుండా మళ్లీ బల్ల మీదికి దిగుతుంది, మిగతాది ఇంకో ఫిల్టరు దాటి బయటికి పోతుంది. స్పిరిటు తుడవకముందు ముందంచు దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ గ్రిల్లులోకి వంగడం కళ్లారా చూడొచ్చు. సీలింగ్ ఫ్యాన్ వేశారా, ఆ పొగ ఊగిపోతుంది.

ఫిల్టరు సంగతి ఇంకా విచిత్రం. కణం ఎంత చిన్నదైతే అంత సులువుగా దూరిపోతుందనుకుంటాం. గాజుపోగుల చిక్కులో లెక్క వేరు. పెద్ద కణం గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటుంది. మరీ చిన్నదాన్ని గాలి అణువులు అటూ ఇటూ తన్నుతుంటే అడ్డదిడ్డంగా తిరిగి ఏదో ఒక పోగుకు అతుక్కుంటుంది. తప్పించుకునే వీలు ఎక్కువున్నది మధ్యరకానికి, 0.3 మైక్రాన్ల చుట్టుపక్కల వాటికి. అందుకే పరీక్ష వాటితోనే పెడతారు: పదివేలలో మూడుకు మించి దాటకూడదు. 0.1 మైక్రాన్ ఉండే కరోనా వైరస్ జారిపోదా అని భయపడేవాళ్లకు ఇదే జవాబు.

రెండో ప్రపంచయుద్ధపు విషవాయు ముసుగుల నుంచి, అణుబాంబు ప్రాజెక్టు మీదుగా ఈ ఫిల్టరు మనదాకా వచ్చింది. 2020లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో కరోనా పరీక్షలు జరుగుతున్నప్పుడు ఊరంతా ఆర్‌టీపీసీఆర్ గురించే మాట్లాడింది. కానీ బతికున్న వైరస్‌తో వచ్చిన ట్యూబు మూత తీయాల్సింది ఇలాంటి క్యాబినెట్‌లోనే. దాన్ని ఏటా పరీక్ష చేయించాలి, చోటు మార్చినా చేయించాలి. ఫిల్టరు అంచున సీలు కాస్త కదిలినా చాలు, క్రిములు బయటపడతాయి. తలుపుకూ ఏసీకీ దూరంగా ఉంచాలి. గ్రిల్లు మీద నోట్‌బుక్కు పెట్టకూడదు.