మురుగులో మెరుగు

కంసాలి దుకాణంలోని చెత్తను ఊడ్చి తీసుకుపోవడానికి ఎదురు సొమ్ము చెల్లించేవారున్నారంటే కొత్తగా విన్నవారికి వింతగానే ఉంటుంది. గుజరాతులో వీరిని ధూళ్‌ధోయాలంటారు. దుమ్ము కడిగేవారని అర్థం. తెలుగులో జలగడుగువారు. ఆకురాయి రాపిడికి రాలిన రజను, మూసకు అంటుకున్న పెచ్చు, పనివాడు చేతులు కడుక్కున్న నీరు, చివరకు అతడు కూర్చుని అరగదీసిన చాప కూడా వారికి సరుకే. చాపను కాల్చి, బూడిదను కడిగి, అడుగున నిలిచిన బరువైన మట్టిని పాదరసంతో మర్దిస్తారు. బంగారం పాదరసంలో కలుస్తుంది. ఆ ముద్దను కుంపటిపై కాచితే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. ఆవిరి మాత్రం కాచినవాని ఊపిరితిత్తులలో చేరుతుంది.

మరి చీపురుకు చిక్కని బంగారం సంగతేమిటి? అది నీటితోపాటు మురుగు కాలువలోకి జారిపోతుంది. ఈ ప్రశ్న వేసుకోవడానికి సూరత్ కంటె తగిన నగరం మన దేశంలో అరుదు.

సూరత్ అనగానే వజ్రాల సాన, మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన నేతపనివారు లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తెలుగు పేటలే ఏర్పరచుకున్నారు. అయితే మన చీరల పెట్టెలకు ఆ నగరంతో వేరొక చుట్టరికం ఉన్నది. అది జరీ. పట్టుచీరల అంచుల మీద మెరిసే జరీకి తాపీనది ఒడ్డున ఉన్న ఈ నగరం తరతరాలుగా పుట్టినిల్లు.

అసలైన జరీకి ఆధారం వెండి. వెండికడ్డీని సన్నని రంధ్రాల గుండా లాగి లాగి వెంట్రుకవంటి తీగగా సాగదీస్తారు. దానిని రేకుగా అదిమి పట్టుదారం చుట్టూ చుడతారు. పిమ్మట బంగారు సయనైడ్ లవణం కరిగి ఉన్న ద్రావణంలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేస్తే పసిడిపూత పడుతుంది. పూతపడిన జరీని నీటిలో జాడించక తప్పదు. జాడించిన ప్రతిసారీ కొంత లోహం నీటిపాలవుతుంది. నకిలీ జరీకి రాగితీగ వాడుతారు గనుక రాగికి కూడా అదే దారి.

ఆ దారి చివర మురుగు శుద్ధికేంద్రం ఉంటుంది. అక్కడ మురుగునీటిలోకి గాలి పంపుతారు. సూక్ష్మజీవులు మాలిన్యాన్ని తిని పెరిగి, ముద్దలుగా కూడి అడుగుకు దిగుతాయి. లోహాలు ఆ ముద్దలనే అంటిపెట్టుకుని దిగుతాయి. అదే మడ్డి. మడ్డిని కాలిస్తే సేంద్రియ పదార్థమంతా పోయి, లోహం బూడిదలో మరింత చిక్కబడుతుంది. జలగడుగువాడు చాపను కాల్చడంలోని కిటుకు కూడా ఇదే!

జపానులోని నాగానో రాష్ట్రంలో, సువా పట్టణ ప్రాంతంలో సూక్ష్మ పరికరాల కర్మాగారాలు అనేకం. అక్కడి శుద్ధికేంద్రపు మడ్డిని కాల్చగా వచ్చిన బూడిదలో టన్నుకు 1,890 గ్రాముల బంగారం ఉన్నట్లు 2009లో వెల్లడైంది. ఆ దేశంలో పేరెన్నికగన్న హిషికారి గనిలో టన్ను ఖనిజానికి లభించేది 20 నుంచి 40 గ్రాములు మాత్రమే.

ఇక్కడ తొందరపడరాదు. 10 లక్షల జనాభా గల అమెరికా నగరపు మడ్డిలో ఏటా 1 కోటి 30 లక్షల డాలర్ల విలువైన లోహాలు ఉండవచ్చునని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో అంచనా వేశారు. ఆ అంకెను సూరత్ జనాభాతో హెచ్చవేసి మురిసిపోవడం సులభం. కాని అది లోహాల వెల. వెలికితీసే ఖర్చు అందులో లేదు. స్విట్జర్లాండులోని ఎవాగ్ జలపరిశోధన సంస్థ 64 శుద్ధికేంద్రాలను పరిశీలించి, ఆ దేశపు మురుగులో ఏటా 43 కిలోల బంగారం, 3 టన్నుల వెండి పోతున్నవని 2017లో లెక్కగట్టింది. అయినా బంగారం తీయడం గిట్టుబాటు కాగలదని తోచినది టిచీనో ప్రాంతంలో కొన్నిచోట్లనే. అక్కడ బంగారాన్ని శుద్ధిచేసే కర్మాగారాలున్నాయి. అనగా, జనం ఎక్కువైన చోట కాదు, పసిడిపని ఎక్కువైన చోటనే మురుగులో పసిడి ఉంటుంది.

లాభం మాట అటుంచి, మడ్డిలోని లోహాలతో పట్టింపు మరొకటి ఉన్నది. మడ్డిలో నత్రజని, భాస్వరం పుష్కలం. పొలానికి మంచి ఎరువు. కాని పరిశ్రమల నీరు కలిసిన మడ్డిలో క్రోమియం, నికెల్, కాడ్మియం కూడా చేరుతాయి. ఇవి కుళ్ళవు, కరిగిపోవు. ఏటేటా నేలలో పేరుకుంటాయి. బంగారం కోసం కాకపోయినా, అన్నం కోసమైనా మడ్డినుంచి లోహాలను వేరుచేయవలసి ఉన్నది.

1994 నాటి ప్లేగు భయంతో ఖాళీ అయిన సూరత్, ఆ పిమ్మట తన మురుగును సరుకుగా చూడడం నేర్చుకున్నది. అంజనా కేంద్రంలో 2003 నాటికే మురుగు వాయువుతో విద్యుత్తు తీశారు. 2014 నుంచి బమ్రోలీ కేంద్రం రోజుకు 4 కోట్ల లీటర్ల నీటిని పరిశుభ్రపరచి పాండేసరా పారిశ్రామికవాడకు అమ్మే ఏర్పాటు జరిగింది. వాయువు అమరింది, నీరు అమరింది. ఇక మిగిలినది మడ్డి.

అయితే కోట్ల లీటర్ల నీటిలో కలిసిన పిదప వెతకడం కంటె, కలవకముందే పట్టుకోవడం చవక. మెరుగుపని తెలిసినవారు జరీని మొదట ముంచే తొట్టినీటిని కాలువలో పారబోయరు. అందులో బంగారం చిక్కబడేదాకా ఉంచి, తిరిగి పూతకు వాడుకుంటారు, లేదా లోహాన్ని తీసుకుంటారు. కాలువకు వెళ్ళేది రెండవ తొట్టి నీరు, మూడవ తొట్టి నీరు.