ముఖంపై మచ్చలకు గృహవైద్యం

మొటిమలు, ఆటలమ్మ, దెబ్బలు, కాలిన గాయాలు మొదలైన వాటి వలన ముఖచర్మంపై మిగిలిపోయే గుర్తులను మచ్చలు అంటారు. వీటిని తగ్గించడానికి పసుపు, ఎర్రచందనం, కలబంద, కొబ్బరినూనె, నువ్వులనూనె వంటి వాటిని తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా వాడుతున్నారు. వీటిలో కొన్ని చర్మాన్ని మెత్తబరుస్తాయి. కానీ లోతైన గుంటలను పూడ్చగల శక్తి ఏ నూనెకూ లేదు. కావున ముందుగా మచ్చ ఏ రకానిదో తెలుసుకోవడం అవసరం.

మచ్చ ఏర్పడే విధానం

గాయం చర్మపు పైపొరకే పరిమితమైతే సాధారణంగా గుర్తు మిగలకుండా మానిపోతుంది. లోపలి పొర అయిన అంతశ్చర్మం దెబ్బతిన్నప్పుడు శరీరం ఆ ఖాళీని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులతో నింపుతుంది. ఈ పోగుల అమరిక మామూలు చర్మంలో వలె ఉండదు. వెంట్రుకల కుదుళ్ళు, స్వేదగ్రంథులు అక్కడ తిరిగి ఏర్పడవు. అందుచేత మచ్చ చుట్టుప్రక్కల చర్మానికి భిన్నంగా కనిపిస్తుంది.

మచ్చ పూర్తిగా స్థిరపడడానికి ఒక సంవత్సరం, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. ఈలోగా దాని ఎర్రదనం, గట్టిదనం వాటంతటవే తగ్గుతుంటాయి. గృహవైద్యం వలన కలిగిందని భావించే మార్పులో కొంత భాగం ఈ సహజ ప్రక్రియ ఫలితమే.

రకాలు

* నల్లమచ్చలు: మొటిమ లేదా గాయం మానిన చోట మెలనిన్ అనే వర్ణకం అధికంగా చేరడం వలన ఏర్పడతాయి. చామనఛాయ, నలుపు చర్మం గలవారిలో ఇవి ఎక్కువ. ఇవి చాలావరకు కొన్ని నెలలలో పలచబడతాయి.
* గుంటమచ్చలు: కొల్లాజెన్ నష్టం వలన చర్మం లోపలికి కుంగుతుంది. మొటిమలు, ఆటలమ్మ దీనికి ముఖ్య కారణాలు. పూర్వం మశూచి వలన కూడా ఇవి ఏర్పడేవి. 1980లో మశూచి ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు ప్రకటించబడినది.
* ఉబ్బెత్తు మచ్చలు: కొల్లాజెన్ అధికంగా తయారైనప్పుడు ఏర్పడతాయి. గాయం హద్దులను దాటి పెరిగే మచ్చను కిలాయిడ్ అంటారు.

బుగ్గలపై గోధుమరంగులో వచ్చే మంగుమచ్చలు గాయం వలన కలిగేవి కావు. ఎండ, హార్మోనుల మార్పులు, గర్భధారణ వీటికి కారణాలు.

వాడుకలో ఉన్న పదార్థాలు

పసుపు: ఇందులోని కర్క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం ఉన్నది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇవ్వబడింది. ఇది భారతీయులకు అనాదిగా తెలిసినదేనని భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి ఆధారాలు చూపగా 1997లో ఆ పేటెంటు రద్దయినది. అయితే పాత మచ్చలను పసుపు తొలగిస్తుందని దీని అర్థం కాదు.

ఎర్రచందనం: శేషాచలం కొండలు, వాటి పరిసర అడవులు దీని సహజ నివాసం. చెక్కను సానపై నీటితో అరగదీసి, ఆ గంధాన్ని ముఖానికి పూస్తారు. ఇది చల్లదనాన్ని ఇస్తుంది. మచ్చలపై దీని ప్రభావానికి బలమైన ఆధారాలు లేవు.

కలబంద: ఆకులోని గుజ్జు చర్మానికి తేమనిచ్చి మంటను తగ్గిస్తుంది. ఆకు కోసినప్పుడు కారే పసుపుపచ్చని ద్రవం దురద కలిగిస్తుంది కనుక దానిని కడిగివేయాలి.

నూనెలు

* కొబ్బరినూనె: చర్మంలోని తేమను నిలుపుతుంది. జిడ్డు చర్మం గలవారిలో చర్మరంధ్రాలు మూసుకొని కొత్త మొటిమలు రావచ్చు.
* నువ్వులనూనె: ఆయుర్వేద తైలాలలో అధికభాగానికి ఇదే ఆధారం. కుంకుమపువ్వు ప్రధానంగా గల కుంకుమాది తైలం అష్టాంగహృదయంలో చెప్పబడినది. దీనిని ముఖవర్ణానికి వాడతారు.
* టీట్రీ నూనె: ఇది ఆస్ట్రేలియా చెట్టు ఆకుల నుండి తీసినది. 1990లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 5 శాతం టీట్రీ నూనె మొటిమలను తగ్గించినట్లు తేలింది. ఇది మొటిమలకే గాని మచ్చలకు కాదు. నేరుగా పూస్తే చర్మం మండుతుంది.
* విటమిన్ ఇ నూనె: 1999లో అమెరికాలో 15 మంది శస్త్రచికిత్స మచ్చలపై దీనిని పరీక్షించారు. మచ్చలు మెరుగుపడకపోగా, సుమారు మూడవ వంతు మందికి చర్మంపై ఎలర్జీ కలిగినది.

పూర్తిగా మానిన మచ్చపై నూనెతో మృదువుగా మర్దన చేస్తే చర్మం మెత్తబడుతుంది. మానని పుండుపై నూనె రాయరాదు. ఏ పదార్థమైనా ముందుగా మోచేతి మడతలో కొద్దిగా రాసి, 48 గంటలు గమనించిన తరువాతనే ముఖానికి వాడాలి.

చేయకూడనివి

నిమ్మరసం తీవ్రమైన ఆమ్లం. దానిని రాసుకొని ఎండలోకి వెళితే చర్మం కమిలి, ఉన్న మచ్చ కంటె నల్లని మచ్చ ఏర్పడవచ్చు. వంటసోడా, టూత్‌పేస్టు కూడా చర్మానికి హాని చేస్తాయి. మొటిమలను గిల్లడం గుంటమచ్చలకు దారితీస్తుంది.

తెల్లబరుస్తాయనే నమ్మకంతో వైద్యుని సలహా లేకుండా స్టిరాయిడ్ క్రీములు వాడేవారు అనేకులు. వీటి వలన చర్మం పలచబడడం, ఎర్రబారడం, అవాంఛిత రోమాలు వంటివి కలుగుతాయి. 2018లో భారత ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేనిదే అమ్మరాదని నిర్దేశించినది.

ఎండ నుండి రక్షణ

ఎండ వలన నల్లమచ్చలు మరింత ముదురుతాయి. గొడుగు, టోపీ, ఎస్‌పిఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ వాడడం ఏ లేపనం కంటెనైనా నమ్మదగిన ఉపాయం.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

గుంటమచ్చలకు లేజరు, సూక్ష్మసూదుల చికిత్స, ఉబ్బెత్తు మచ్చలకు సిలికాన్ జెల్, కిలాయిడ్లకు ఇంజెక్షన్లు చర్మవైద్యుల వద్ద లభిస్తాయి. రంగు, ఆకారం మారుతున్న మచ్చనూ, రక్తం కారే మచ్చనూ ఉపేక్షించరాదు. పాలిపోయిన మచ్చపై స్పర్శ తెలియకపోతే అది కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చు. దానికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా మందులు ఇస్తారు. తొలిదశలో చికిత్స పొందితే అంగవైకల్యం రాకుండా నివారించవచ్చు. ఇటువంటి మచ్చకు ఇంట్లో పూతలు పూస్తూ కాలయాపన చేయడం ప్రమాదకరం.

ఇవి కూడా చూడండి

* మొటిమ
* ఆటలమ్మ
* పసుపు
* కలబంద
* ఎర్రచందనం