సురభి కమలాబాయి: అపోహలు – వాస్తవాలు

జనగామలో గాని, మహబూబాబాదులో గాని, బొగ్గుగనుల భూపాలపల్లిలో గాని పాతసినిమాల ప్రసంగము వచ్చినచో, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెననియు, అందు నాయిక సురభి కమలాబాయి యనియు పెద్దలు పాఠమప్పగించినట్లు చెప్పుదురు. నాయిక పేరు నిజమే; తేదీ మాత్రము నిజము గాదు. ఆ చిత్రమునకు సెన్సారు ధ్రువపత్రము లభించినదే 1932 జనవరి 22న. తొలి ప్రదర్శనము ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమాలో. పాత్రికేయుడు రెంటాల జయదేవ పరిశోధించి ఈ సంగతిని వెలికిదీసినను, పాత తేదీ జనుల నాలుకలను వీడకున్నది.

నాటి రంగస్థలమున స్త్రీవేషములన్నియు పురుషులే ధరించెడివారు గనుక కమలాబాయి నటన నేర్చినది కెమెరా ముందరనే యనుట మరియొక భ్రమ. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటకసమాజమునకు ఆ నియమము వర్తింపదు. అది కుటుంబముల సమాజము. అందు స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి, పిల్లలు నడకతోపాటు నటనయు నేర్చిరి. అట్టి యింట పెరిగిన కమలాబాయికి మైక్రోఫోను ఒక లెక్కయా? నేపథ్యగానము లేని ఆ దినములలో, ‘భక్త ప్రహ్లాద’లో ఆమె ధరించిన ప్రహ్లాదుని తల్లి లీలావతి నోట వినబడిన పాటలు ఆమె స్వయముగా పాడినవే.

ఒక్క పాత్రయే నటికి ముద్రయగుట మనకే పరిమితము గాదు. హాలీవుడ్డువారు 1931లో ‘డ్రాకులా’ను, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను తీసి భయానకచిత్రములకు ప్రత్యేకశాఖ నేర్పరచుకొనిరి. మనకు స్తంభము చీల్చుకొని వచ్చు నరసింహుడే చాలును! అచ్చటి ఫే రే అను నటి 1928లోనే దర్శకుడు స్ట్రోహైము మూకీచిత్రము ‘ది వెడ్డింగ్ మార్చ్’లో నాయికయై యుండియు, 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో వేసిన కేకలకే లోకమున గుర్తుండిపోయినది. లీలావతి పాత్రము కమలాబాయికి చేసినదియు ఇంచుమించుగా అదియే.

ప్రహ్లాదునితోనే ఆమె చిత్రజీవితము ముగిసెనను మాట వీనియన్నిటిలోను అన్యాయమైనది. 1932లోనే ‘పాదుకా పట్టాభిషేకము’, ‘శకుంతల’ చిత్రములలో నటించి, పిమ్మట బొంబాయిలో హిందీచిత్రములలోను పాత్రలు ధరించినది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని మన ప్రాంతమున చూడని వారరుదు. అందు రంగారావు మాంత్రికుని చూచి జడిసిన వారిలో ఎందరో, తోటరాముని తల్లి కాంతమ్మగా తెరమీద నిలిచినది తొలి టాకీ నాయికయే యని యెరుగరు.