ఉక్కును తిన్న వాయువు

గాలిలో 78 శాతం నత్రజనే. అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. నత్రజని పరమాణువు బయటి కక్ష్యలో ఉండేవి 5 ఎలక్ట్రాన్లు. 8 నిండాలంటే మూడు తక్కువ. అందుకే రెండు పరమాణువులు చెరి మూడు ఎలక్ట్రాన్లు ఉమ్మడిలో పెట్టి మూడు జతలను పంచుకుంటాయి. ఇదే త్రిబంధం. 28 గ్రాముల నత్రజనిలో ఈ బంధాలన్నీ తెంచాలంటే 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. పిడుగు దాన్ని తెంచగలదు. కంది, పెసర వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా చడీచప్పుడు లేకుండా తెంచుతాయి. మనిషి కనిపెట్టిన తొలి పద్ధతులు మాత్రం విద్యుత్తును విపరీతంగా తాగేవి.

1909 జులైలో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో ఫ్రిట్జ్ హేబర్, ఆయన సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ బల్ల మీద పట్టే ఒక యంత్రాన్ని నడిపి చూపారు. నత్రజని, హైడ్రోజన్‌లను వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్లు నొక్కి, వేడిచేసి, చర్యను వేగపరిచే ఆస్మియం లోహం మీదుగా పంపితే, ఎరువుకు పనికొచ్చే అమోనియా చుక్కలు చుక్కలుగా దిగింది. చూడటానికి వచ్చిన బీఏఎస్ఎఫ్ కంపెనీ వాళ్లు దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి పెంచే పనిని కార్ల్ బాష్‌కు అప్పగించారు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. బాష్ చేయించిన మందపాటి ఉక్కు గొట్టాలు దాదాపు 80 గంటలు పనిచేసి పేలిపోయాయి. లోహశాస్త్రం చదివినవాడు కాబట్టి ఆయన పగిలిన ముక్కలను నునుపు చేయించి సూక్ష్మదర్శినిలో చూశాడు. గొట్టం లోపలి వైపు ఉక్కులో కార్బనే మిగల్లేదు! ఉక్కుకు బలాన్నిచ్చేది ఆ కార్బనే. అంత వేడిలో హైడ్రోజన్ విడి పరమాణువులుగా లోహంలోకి చొరబడి, ఇనుముతో ఉన్న కార్బన్‌ను లాక్కుని మీథేన్‌గా మారుతోంది. మీథేన్ అణువు పెద్దది, బయటికి రాలేదు. లోపలే పోగుపడి లోహాన్ని చీల్చేస్తోంది. ఒక బంధాన్ని తెంచడానికి కట్టిన పాత్ర గోడలోనే మరో బంధం పుట్టి పాత్రను బద్దలుకొట్టింది.

1911లో బాష్‌కు పరిష్కారం తట్టింది. లోపల కార్బన్ అంతగా లేని మెత్తటి ఇనుప పొర, బయట పీడనాన్ని మోసే గట్టి ఉక్కు. లోపలి పొర గుండా ఊరివచ్చే కాస్త హైడ్రోజన్ బయటికి పోయేందుకు ఉక్కు పొరకు సన్నటి రంధ్రాలు తొలిపించాడు. హైడ్రోజన్‌ను ఆపాలని చూడలేదు, దారి ఇచ్చి వదిలేశాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఇదే.

ఆస్మియం బహు అరుదు. అందుకే అదే కంపెనీలోని ఆల్విన్ మిట్టాష్ వేల ప్రయోగాలు చేసి, అల్యూమినియం, పొటాషియం ఆక్సైడ్లు కలిపిన మామూలు ఇనుమే చాలని తేల్చాడు. 1913లో ఒప్పావ్ ఫ్యాక్టరీ మొదలైంది. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం రాగానే అదే అమోనియా పేలుడు పదార్థాలకూ ముడిసరుకైంది. ఎందరి ప్రాణాలనో తీసింది. హేబర్‌కు 1918 సంవత్సరపు నోబెల్, బాష్‌కు 1931లో నోబెల్ వచ్చాయి. ఇనుము ఉపరితలం మీద నత్రజని అణువు ఎలా రెండుగా విడిపోతుందో అంచెలంచెలుగా వివరించిన గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో వచ్చింది.

మన రామగుండంలో తయారయ్యే యూరియాకు కూడా మూలం అమోనియానే. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. అందులో ప్రతి నత్రజని పరమాణువూ త్రిబంధం తెంచుకుని వచ్చిందే. అంత శ్రమతో తెచ్చిన నత్రజనిని అవసరానికి మించి చల్లితే నీళ్లలో కొట్టుకుపోతుంది, గాలిలో కలిసిపోతుంది. భూసార పరీక్ష చేయించి, పైరుకు కావలసినంతే వేయండి.